అసలు ఇంకు లేదు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ రోజు పొద్దున ప్రింటర్ మీద ‘అవును’ అన్న బటన్ నొక్కింది ఈ కథలోని చిన్నమ్మాయి. ఆ ప్రింటర్ తెర మీది భాషను ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చింది కూడా ఆమే. ఆ చిన్నమ్మాయిని నేనే. ‘నేను నొక్కాను’ అని మాటిమాటికీ రాయాలంటే చెయ్యి రావడం లేదు కాబట్టి, ఇక్కణ్ణుంచి ఆమెను ఎవరో పరాయి పిల్లలాగే చూద్దాం.

ఆ పొద్దుటి పథకం చాలా చిన్నది. ఏడింటికి సంజాయిషీ మూడు ప్రతులు ప్రింటు తీయాలి. నాన్న సంతకాలు పెట్టాలి. తొమ్మిదింటి బస్సెక్కి, పదకొండులోపు కాగితాలు ఆఫీసరు చేతిలో పెట్టాలి. పెట్టకపోతే సస్పెన్షన్. నాన్న ముప్ఫై రెండేళ్లుగా ఆ ఆఫీసులో స్టోర్స్ గుమాస్తా. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఈ సమయంలో విచారణ మొదలైతే పెన్షను ఎప్పుడొస్తుందో విచారించేవాళ్లకి కూడా తెలియదు.

ఆయన మీద మోపిన నేరం నకిలీ ఇంకు కొన్నాడని. సోమవారం పొద్దున ఆఫీసులో ఐదు ప్రింటర్లూ ఒకేసారి మూగబోయాయి. కంపెనీకి ఫోన్ చేస్తే ‘మీరు వాడేది మా ఇంకు కాదు’ అన్నారు. నిజమే, కాదు. ఏడాదిగా అక్కడ బయటి ఇంకే వాడుతున్నారు. “ఎక్కడైనా చవగ్గా చూడవయ్యా” అని చెప్పింది ఆఫీసరే. నోటితో చెప్పాడు. ఆయన ఇలాంటివన్నీ నోటితోనే చెప్తాడు. మెమో మాత్రం కాగితం మీద ఇచ్చాడు.

చిన్నమ్మాయి కంప్యూటర్లు చదువుకుంది కాబట్టి సంజాయిషీ ఆమే టైపు చేసింది. మూడో పేరాలో అసలు సంగతి పెట్టింది. ఇంకులో ఏ లోపమూ లేదు. శనివారం ప్రింటర్లలో ఒక అప్‌డేట్ ఎక్కింది, బయటి ఇంకును ఆపేసింది అదే. అది ఎక్కాలంటే ఎవరో ఒకరు ‘అవును’ నొక్కి ఉండాలి. ఆ చివరి వాక్యం ఆమెకు తెగ నచ్చింది. రెండుసార్లు పైకి చదువుకుంది.

ఆ సంబరంలోనే పొద్దున పళ్లు తోముకుంటూ ఇంట్లో ప్రింటర్ ఆన్ చేసింది. చిన్న తెర మీద ‘కొత్త అప్‌డేట్ వచ్చింది, ఎక్కించాలా?’ అని కనబడింది. బ్రష్షు నోట్లో ఉండగానే ‘అవును’ నొక్కి స్నానానికి వెళ్లిపోయింది.

నాన్నకి కళ్లజోడు దొరకలేదు. తెర మీద ఉన్నది చదివే బాధ్యత అమ్మ తీసుకుంది.

“అసలు ఇంకు లేదంటోందండీ.”

“అసలు లేకపోవడమేంటి? మొన్నే నింపాను.”

“నన్నడుగుతారేంటి, దాన్నడగండి. అసలు ఇంకు లేదు అని రాసుంది.”

నాన్న సిరంజీ, ఇంకు సీసా తెచ్చి నల్ల కార్ట్రిడ్జ్‌లోకి ఒక సిరంజీ నిండా ఎక్కించి మూత వేశాడు.

“ఇప్పుడు?”

“ఇప్పుడూ అసలు లేదు.”

ఇంకో సిరంజీ ఎక్కించాడు.

“ఇప్పుడు చూడు.”

“అదే మాట. కాస్త కూడా మెత్తబడలేదు.”

నాలుగో సిరంజీకి సీసా ఖాళీ అయింది. అప్పుడే తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చిన చిన్నమ్మాయి తెర చదివి, చదివిన చోటే నిలబడిపోయింది.

“నాన్నా, ఆపు. అసలు లేదంటే అసలు లేదని కాదు.”

“మరి?”

“అసలుది లేదని.”

“మీ అమ్మా అదే కదే అంటోంది, అసలు లేదని.”

“అబ్బా, ఇంకు ఉంది నాన్నా. అసలుది లేదు.”

“ఉందంటావు, లేదంటావు. అసలు ఏమంటావే?”

“కంపెనీ ఇంకు కాదంటోంది. మనది నకిలీ అంటోంది.”

నాన్న సిరంజీ కింద పెట్టాడు. “ఆఫీసులో అన్న మాటే ఇంట్లో కూడా అంటోందన్నమాట,” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, “నిన్నటిదాకా బాగానే ఉందే. ఎవరు నొక్కారు?” అన్నాడు.

చిన్నమ్మాయి తల తుడుచుకోవడంలో మునిగిపోయింది.

ఈలోపు ఆ నాలుగు సిరంజీల ఇంకు ప్రింటర్ అడుగునుంచి బయటికి దారి వెతుక్కుంది. టేబుల్ మీంచి మెమో మీదికి, మెమో మీంచి కుర్చీకి తగిలించిన ఇస్త్రీ చొక్కా మీదికి పాకింది. నాన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఇంకు ఆగలేదు, చేతులు మాత్రం మణికట్టు దాకా నల్లబడ్డాయి. సబ్బుతో ఎంత తోమినా చేతులు తెల్లబడలేదు, సబ్బే నల్లబడింది.

“చేత్తో రాసివ్వచ్చు కదండీ,” అంది అమ్మ.

“చేతిరాత కాగితం ఆయన ముట్టుకోడు. టైపు చేసి మూడు ప్రతులివ్వాలని మెమోలోనే రాశాడు.”

ఆ మాట ఎక్కడుందో చూద్దామంటే మెమో మొత్తం ఒకే నలుపు.

వీధి చివర జిరాక్స్ షాపతను తండ్రీకూతుళ్లను దూరంనుంచి చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

“నలుపు రాదమ్మా. రాత్రి ఏదో అప్‌డేట్ ఎక్కిందంట. పొద్దున్నుంచి నా ఇంకుని దొంగ ఇంకంటోంది.”

“మరి ఏమొస్తుంది?” అంది చిన్నమ్మాయి.

“గులాబీ వస్తుంది. అదొక్కటే కంపెనీది.”

బస్సుకి పది నిమిషాలుంది. గులాబీ రంగులోనే తీయించారు. ముప్ఫై రెండేళ్ల నిజాయితీ పుట్టినరోజు పిలుపులా బయటికొచ్చింది. బస్సులో చెమటకి నాన్న పట్టుకున్న చోటల్లా అంచుల మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

పదిన్నరకి నాన్న ఆఫీసరు గదిలోకి వెళ్లాడు. చిన్నమ్మాయి బయట బెంచీ మీద కూర్చుంది. ఆ గది తలుపు పూర్తిగా మూసుకోదు. బాగుచేయించమని ఆయన ఎవరికో నోటితో చెప్పి ఉంటాడు.

“ఏంటయ్యా ఇది?”

“సంజాయిషీ సార్.”

“గులాబీ రంగులోనా? నాతో వేళాకోళమా? ఈ వేలిముద్రలేంటి, పోలీసులుగానీ తీసుకున్నారా?”

“నలుపు రాలేదు సార్. ఇంట్లో ప్రింటర్ కూడా ఇంకు అసలుది కాదని...”

“అంటే ఇంట్లో కూడా నకిలీయేనా?”

ఆఫీసరు చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి కాగితం చప్పుడు ఆగింది. బయట చిన్నమ్మాయి నిటారుగా కూర్చుంది. తన వాక్యం దాకా వచ్చాడని ఆమెకు అర్థమైంది.

“‘ఎవరో ఒకరు అవును నొక్కి ఉండాలి.’ శనివారం.” ఆయన గొంతు తగ్గింది. “శనివారం సెలవు కదా. ఆ రోజు ఆఫీసుకి ఎవరొచ్చారు?”

సెలవు రోజుల్లో ఆఫీసుకి వచ్చేది ఆయనొక్కడే, ఇంటి పని తప్పించుకోవడానికి. తాళం తీసిచ్చేది నాన్నే.

“గుర్తులేదు సార్.”

“నాకు గుర్తుంది,” అన్నాడు ఆఫీసరు. “ఇది ఎవరు రాశారు?”

“మా చిన్నమ్మాయి సార్. కంప్యూటర్లు చదివింది.”

“బాగా చదివింది.”

గంట మోగింది. టైపిస్టు వచ్చాడు. సస్పెన్షన్ ఆర్డరు కంప్యూటర్లో ముందే తయారుగా ఉంది, ప్రింటు తీయడమే తరువాయి. తీయడానికి నలుపు లేదు. కంపెనీవాళ్ల అసలు కార్ట్రిడ్జ్ ముందురోజే వచ్చింది కానీ స్టోరులో ఉంది. స్టోరు తాళం నాన్న జేబులో ఉంది.

“సార్, కార్ట్రిడ్జ్ ఒకటి కావాలి,” అన్నాడు టైపిస్టు నాన్నతో, నేల వైపు చూస్తూ.

నాన్న వెళ్లి తెచ్చాడు. రిజిస్టరు కూడా తెచ్చాడు. సంతకం లేకుండా ఆయన గుండుసూది కూడా ఇవ్వడు. నల్లటి వేళ్లతో గళ్లన్నీ వరుసగా నింపాడు. వస్తువు: నల్ల కార్ట్రిడ్జ్, అసలుది. సంఖ్య: ఒకటి. ఏ పని నిమిత్తం: స్టోర్స్ గుమాస్తా సస్పెన్షన్ ఆర్డరు. తీసుకున్నవారి సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించాడు. ఆఫీసరు చదవకుండానే పెట్టేశాడు.

ఆర్డరు మూడు ప్రతులుగా వచ్చింది. అక్షరాలు నిగనిగలాడుతున్నాయి, మచ్చుకైనా ఒక్క మరక లేదు. నాన్న తన ప్రతిని అంచు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

“అసలుది అసలుదే సార్,” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. తర్వాత తాళాలు బల్ల మీద పెట్టాడు.

తిరుగు బస్సులో నాన్న ఆర్డరును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాన్నా, పొద్దున నొక్కింది నేనే,” అంది చిన్నమ్మాయి.

“తెలుసు. ప్రింటర్ మీద పేస్టు నురగ పడుంది.” కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంకో మాట అన్నాడు. “నీ వాక్యం మాత్రం బాగుందమ్మా. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.”

ఎనిమిది నెలల్లో ఇప్పటికి ఐదు గడిచాయి. విచారణ ఇంకా మొదలుకాలేదు. మీ ఇంట్లో కూడా ఎవరైనా చదవకుండా ‘అవును’ నొక్కి ఉంటే ఆ కథ నాకు రాసి పంపండి. చేతిరాతైనా ఫర్వాలేదు, ఇదీ అలాగే రాశాను.