రెండేళ్ల పాత కొత్త మోరీ

సమాచారం ప్రజల సొత్తు! ప్రజల సొత్తును కంటికి రెప్పలా కాపాడటం, అనగా ఏ ఒక్కరి కంటా పడకుండా చూడటం, ప్రభుత్వోద్యోగి పరమ ధర్మం. ఈ ధర్మాన్ని నేను చాలా ఏళ్లుగా నిష్ఠగా పాటిస్తున్నాను. నా పేరు రామచంద్రం. పెద్దపల్లికీ మంచిర్యాలకూ నడుమనున్న ఒకానొక మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంటును. ఊరి పేరు చెప్పను. కావాలంటే పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోండి. చెప్పనని గడువులోగా లిఖితపూర్వకంగా చెబుతాను!

నాకు ఇంకో కిరీటం కూడా ఉంది. సమాచార హక్కు చట్టం కింద మా ఆఫీసుకు పౌర సమాచార అధికారిని నేనే. ఈ కిరీటం ఎవరికీ వద్దు. పంటి నొప్పితో నేను ఒక రోజు సెలవు పెట్టాను. తెల్లారి వచ్చి చూస్తే గోడ మీద పెద్ద బోర్డు, బోర్డు మీద నా పేరు! జవాబు ఆలస్యమైతే జరిమానా ఆఫీసు కట్టదు, నా జీతంలోంచి కోస్తారు. కాబట్టి జవాబు తప్పకుండా ఇస్తాను. సమాచారం ఇస్తానా అంటే, అది వేరే సంగతి.

ఉదాహరణకు, ఊళ్లో వీధికుక్కలెన్ని అని ఒకాయన అడిగాడు. ఇది మాకు సంబంధించినది కాదని పశువుల ఆసుపత్రికి పంపాను. వారు మర్యాదస్తులు, అటవీ శాఖకు పంపారు. అటవీ శాఖ పోలీసులకు, పోలీసులు మళ్లీ నాకు. ఆ దరఖాస్తు తిరిగినంత దూరం ఊళ్లో ఏ కుక్కా తిరిగి ఉండదు. అడిగినాయన ఈలోగా ఊరు మారాడు.

ఇలా సుఖంగా సాగిపోతున్న రోజుల్లో నర్మద వచ్చింది.

నర్మదది మా ఊరి నేతవాడ. రేకుల షెడ్డులో నాలుగు సాంచలు. మరమగ్గాలను మావైపు సాంచలంటారు. ఆమె, ఆమె భర్త పర్శరాములు పగలొకరు రాత్రొకరుగా వాటిని నడుపుకుంటారు. షెడ్డు రోడ్డుకంటే పల్లం. వాన పడితే వాడకట్టు నీళ్లన్నీ నేరుగా వాళ్ల షెడ్డులోకే. కిందటి వానాకాలం మోటర్లు కాలిపోయాయి, నూలు బూజు పట్టింది. ఆ నూలు ఖరీదును, నూలిచ్చి నేయించుకునే సేటు వాళ్ల కూలీలో పట్టుకున్నాడు. ఈ వానాకాలం కూడా మునిగితే సాంచలను తుక్కు కింద అమ్ముకుని మహారాష్ట్రలోని భీవండి మిల్లులకు వలసపోవాల్సిందే.

"సోమారం సోమారం కలెక్టరేట్ల ప్రజావాణికి పోయిన సార్. మా వాడకు మోరీ కట్టియ్యుండ్రని కాయితమిచ్చిన. మొన్న ఫోన్ల జవాబొచ్చింది, జర సూడుండ్రి," అంటూ ఫోను నా ముందు పెట్టింది. మురుగు కాలువను మావైపు మోరీ అంటారు.

చూశాను. 'మీ వీధిలో సీసీ మోరీ నిర్మాణం రెండేళ్ల క్రితమే పూర్తయినందున మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.'

"ఇంకేంది మరి? పరిష్కారమైంది గదా! సంతోషం," అన్నాను.

"సంతోషమే సార్. గని గా మోరీ ఏడున్నదో ఎరుకైతలేదు. మేం గాణ్నే ఉంటున్నం. మా ఆయన సుత దేవులాడిండు, దొరకలే."

"రికార్డుల ఉన్నదంటే ఉన్నట్టే. రికార్డు కాపీ కావాల్నా?"

కాపీ ఇవ్వడం నాకు ఇష్టమైన పని. మా జిరాక్స్ మిషన్ సంగతి నాకు తెలుసు కదా! అందులోంచి వచ్చిన కాగితాన్ని బ్రహ్మదేవుడు కూడా చదవలేడు.

"కాపీ వద్దు సార్. కాపీల నీళ్లు పోతయా? మోరీ సూపియ్యుండ్రి," అని దరఖాస్తు చేతికిచ్చింది. చట్టం ప్రకారం, జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు తనకుందట! దయచేసి మోరీ చూపించాలట!

గతుక్కుమన్నాను. ఇన్నేళ్లలో అందరూ కాగితాలే అడిగారు. వస్తువును చూపించమన్న మనిషిని చూడటం అదే మొదలు.

"ఎవరమ్మా గిది నీకు జెప్పింది?"

"మీ గోడ మీద బోర్డే జెప్పింది సార్. లైన్ల నిలవడి నిలవడి మొత్తం సదివిన."

ప్రజలు చదవరన్న నమ్మకంతోనే కదా ప్రభుత్వం బోర్డులు రాయించేది!

వెంటనే కమిషనర్ గారి గదిలో అత్యవసర సమావేశం. కమిషనర్ గారు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ఇంజనీరు ఆకాశ్, నేను, ఇంకా నేతవాడ వార్డు మాజీ కౌన్సిలర్ చొక్కారావు గారు. ఆయన ఎందుకంటే, ఆ మోరీ కాంట్రాక్టు ఆయన బామ్మర్ది పేరు మీద ఉంది. బిల్లు అందింది మాత్రం ఆయనకే. 'పని సంతృప్తికరంగా జరిగినది' అని వార్డు తరఫున సంతకం చేసిందీ ఆయనే. ఆ వీధి చివర పల్లపు పొలంలో రెండేళ్ల కింద ఆయన పాలరాతి ఇల్లు కట్టుకున్నారు. మోరీ, ఇల్లు ఒకేసారి పూర్తయ్యాయి. ఇల్లు కనిపిస్తుంది, అంతే తేడా!

"ఫైలు పోయిందని రాస్తే?" అన్నారు కమిషనర్ గారు.

"పోయిందంటే పోలీసు కేసు పెట్టాలె సార్," అన్నాను.

"దేశ భద్రత దృష్ట్యా?"

"మోరీ సార్ గది."

"మోరీ లేదనే రాసెయ్," అని విసుక్కున్నారాయన.

చొక్కారావు గారు కుర్చీలోంచి లేచారు. "లేదని ఎట్ల రాస్తరు? బిల్లు దీస్కున్న మోరీ లేకపోవుడేంది? నా ఇజ్జత్ ఏం గావాలె?"

 అప్పుడు ఆకాశ్, పాపం పసివాడు, లోకం తెలియనివాడు, మెల్లగా నోరు తెరిచాడు.

"సార్, ఓ పని చేద్దామా? మోరీ కట్టేద్దాం."

నా సర్వీసులో ఆ గదిలో అంత దారుణమైన మాట ఎప్పుడూ వినలేదు. కమిషనర్ గారు నీళ్లు తాగారు. చొక్కారావు గారు గుండె పట్టుకున్నారు. కానీ ఎటు తిప్పి చూసినా అంతకంటే చవకైన మార్గం కనబడలేదు. తినేసిన బిల్లుకు పని చేయాల్సి రావడమనే ఘోరం జిల్లాలో అంతకు ముందు ఎవరికైనా జరిగిందో లేదో నాకు తెలియదు.

"ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?" అన్నారు కమిషనర్ గారు.

ఫైలు తీసి చదివాను. "నర్మద గారి షెడ్డు నుండి చొక్కారావు గారి ఇంటి వరకు."

కాగితం మీద మోరీకైనా ఓ మొదలు, ఓ చివర ఉండాలి కదా! రాసిన పుణ్యాత్ముడికి ఆ రోజు గుర్తొచ్చిన పెద్ద ఇల్లు అదే.

"సార్, ఇంకొంచెం పొడిగించి పెద్ద కాలువలో కలపాలి. లేకుంటే నీళ్లు..." అన్నాడు ఆకాశ్.

కమిషనర్ గారు బల్ల గుద్దారు. "రికార్డులో లేనిది అంగుళం కట్టినా అక్రమమే! అక్రమాలను నేను సహించను!"

చొక్కారావు గారు కూడా తల ఊపారు. ఇంకొంచెం పొడిగిస్తే ఇంకొంచెం సిమెంటు మరి, అదీ ఆయన జేబులోంచి!

మోరీ యుద్ధ ప్రాతిపదికన మొదలైంది. రాత్రింబవళ్లు పని. తనిఖీ తేదీ దగ్గరపడే నాటికి ముస్తాబై కూర్చుంది. మేమంతా వెళ్లి చూశాం. కమిషనర్ గారి ముఖం మాడిపోయింది.

"ఇదేంటయ్యా, కొత్తగా ఉంది?"

నిజమే! రికార్డు ప్రకారం దాని వయసు రెండేళ్లు. ఇదేమో పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. పాత మోరీని కొత్తది చేయడానికి నిధులున్నాయి, నియమాలున్నాయి. కొత్త మోరీని పాతది చేయడానికి ఏ జీవోలో ఏముంది? చివరికి మా అనుభవమే అక్కరకొచ్చింది. పేడనీళ్లు చల్లించాం. బస్టాండు మోరీలోంచి ట్రాక్టరు నిండా బురద తెప్పించాం. పాల ప్యాకెట్లు, గుట్కా కాగితాలు, ఒక తెగిన చెప్పు ప్రత్యేకంగా ఏరించాం. పారిశుద్ధ్య కార్మికురాలు పోశవ్వ తట్ట నెత్తినెత్తుకుని నవ్వాపుకోలేకపోయింది.

"గిన్నేండ్ల సంది మోరీలకెల్లి కుళ్లు దీసుడే గని, పైసలిచ్చి పోపిచ్చుడు గిప్పుడే సూస్తున్న సారూ!"

తనిఖీ రోజు వచ్చింది. ఒకపక్క కమిషనర్ గారు, ఆకాశ్, నేను. ఇంకోపక్క ఇస్త్రీ చొక్కాలో చొక్కారావు గారు. నర్మద, పర్శరాములు, వెనకాల వాడకట్టు ఆడవాళ్లు. నర్మద మోరీ పొడుగునా నడిచింది. వంగి ఒక అంచును బొటనవేలితో నొక్కింది. వేలి అచ్చు పడింది.

"సార్, గిది ఇంకా పచ్చిగనే ఉన్నది," అంది.

కమిషనర్ గారు ఆమెను కాస్త అవతలికి తీసుకెళ్లారు. నేనూ వెంటే వెళ్లాను. ఆయన గొంతులో తేనె కారింది.

"చూడమ్మా. ఇది కొత్తదని నువ్వు రాసిస్తే విచారణ పడుతుంది. విచారణ తేలేదాకా మోరీ సాక్ష్యం. సాక్ష్యంలో నీళ్లు వదలకూడదు. రెండు దిక్కులా మట్టితో మూసేస్తాం. ఎన్నేళ్లకు తేలుతుందో నాకూ తెలియదు. పాతదని రాసిస్తే మాత్రం నీళ్లు ఇవాళే పోతాయి. నీ ఇష్టం."

నర్మద మొగుడి వైపు చూసింది. అతను షెడ్డు వైపు చూశాడు. పైన మబ్బు పట్టి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. అబద్ధాలు రాయడం నాకు కొత్త కాదు, దానికే జీతం తీసుకుంటున్నాను. కానీ ఏ తప్పూ చేయని మనిషి, తన సాంచలు తడవకుండా ఉండాలంటే మా అబద్ధానికి సంతకం పెట్టాలి. సిగ్గేసినా పెన్ను మూత తీసి సిద్ధంగానే పట్టుకున్నాను.

"పాతదే సార్," అంది నర్మద. "శానా పాతది. మా అత్త కాపురానికొచ్చిన నాటి సంది ఉన్నట్టే కనవడుతున్నది. సంతకం ఏడ వెట్టాలె?"

పెట్టింది. దాని కాపీ ఒకటి ముద్ర వేయించి అడిగి తీసుకుంది. ఆ ఒక్క కాపీ మాత్రం మా మిషన్‌లో ఎలాగో స్పష్టంగా వచ్చింది.

"సూసినవా రామచంద్రం! సమాచార హక్కంటే గిట్లుండాలె. ప్రజలు అడగాలె, మనం సూపియ్యాలె!" అని చొక్కారావు గారు నా వీపు చరిచారు. కమిషనర్ గారైతే పారదర్శకతకు ప్రశంసాపత్రం కోసం తన పేరు తానే పంపుకున్నారు.

ఆ వారమే ముసురు పట్టింది. రెండు రాత్రులు, మధ్యలో పగలు కూడా, ఎడతెగని వాన. నేతవాడ నీళ్లన్నీ మోరీలో పడి జోరుగా పరుగెత్తాయి. నర్మద షెడ్డులో చుక్క పడలేదు, సాంచలు ఒక్క గంట కూడా ఆగలేదు. నీళ్లు మేం పోయించిన బస్టాండు బురదను, పాల ప్యాకెట్లను, తెగిన చెప్పును వెంటబెట్టుకుని రికార్డు ప్రకారం బయల్దేరి, రికార్డు ప్రకారం చొక్కారావు గారి గేటు ముందు ఆగాయి. అక్కడ మోరీ అయిపోయింది. నీళ్లు అయిపోలేదు. అవి మర్యాదగా గేటు దాటి, మెట్టు దాటి, పాలరాతి హాల్లోకి వెళ్లి సోఫాల చుట్టూ సర్దుకున్నాయి.

సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణి. అర్జీలు తీసుకునేది కలెక్టర్ గారు, మా అందరికీ పెద్ద సారు. ఎప్పటిలాగే మా ఆఫీసు తరఫున ఫైళ్లు పట్టుకుని నేను వెళ్లాను. నర్మద సాంచల కరెంటు సబ్సిడీ కోసం లైన్లో ఉంది. లైను కాదని, మోకాళ్లదాకా బురదతో చొక్కారావు గారు నేరుగా పెద్ద సారు ముందుకు దూసుకొచ్చారు.

"సార్! మోరీ దెచ్చి మా గేటు ముందట ఆపిండ్రు! ఊరి కుళ్లంత నా హాల్ల తేలుతున్నది! మా ఇంటామె మంచం మీదికెల్లి దిగుతలేదు!"

పెద్ద సారు నా చేతిలోని ఫైలు తీసుకుని తిరగేశారు.

"ఈ మోరీ కట్టి రెండేళ్లయింది. బాగుందని మీరే సంతకం చేశారు. రెండేళ్లుగా రాని నీళ్లు ఇప్పుడెట్లా వచ్చాయి?"

"రెండేండ్లేంది సార్!" చొక్కారావు గారి గొంతు హాలంతా మోగింది. "రెండేండ్ల కింద గాడ మోరీ లేదు, మన్ను లేదు! మొన్న కట్టినం! మొన్న!"

 పాసుబుక్కుల వాళ్లు, పింఛన్ల వాళ్లు, అందరూ ఇటే చూశారు. తన నోట్లోంచి ఏం ఊడిపడిందో చొక్కారావు గారికి అప్పుడు తెలిసింది.

పెద్ద సారు కళ్లజోడు తీశారు. "మరి రెండేళ్ల కింద బిల్లు దేనికి తీసుకున్నారు?"

 లైన్లోంచి నర్మద ముందుకొచ్చింది, చేతిలో ముద్ర వేసిన కాగితం.

"ఊకోండ్రి సార్, పరేషాన్ల ఏదో అంటుండు. మోరీ పాతదే. నేనే తనిఖీ జేసి సంతకం వెట్టిన. ఆయన సుత పక్కకే ఉండె."

"ఆలోచించి చెప్పండి," అన్నారు పెద్ద సారు చొక్కారావు గారితో. "కొత్తదంటే ఇప్పుడే విచారణకు రాస్తాను. పాతదంటే మీ ఫిర్యాదు ఇక్కడితో మూసేస్తాను."

చొక్కారావు గారు నన్ను చూశారు. నేను ఫ్యానును చూశాను. 

"పాతదే సార్," అన్నారాయన చివరికి. "రెండేండ్ల సంది ఉన్నది."

"మరి నీళ్లు?"

"నీళ్లు సుత... రెండేండ్ల సంది వస్తనే ఉన్నయి సార్. మాకు అలవాటే."

పెద్ద సారు ఫైలు మూశారు. బయట మళ్లీ వాన అందుకుంది. చొక్కారావు గారు చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తారు. నర్మద తొందరేమీ పడలేదు, మళ్లీ వెళ్లి కరెంటు సబ్సిడీ లైన్లో నిలబడింది.