ఎనభై నాలుగో సంచిక కోసం క్యూ

క్లిఫర్డ్ ఆక్రాయిడ్ ఆ శనివారం ఆరింటికే లేచాడు. రెండు గుడ్లు ఉడకబెట్టుకున్నాడు. ఫ్లాస్కు నిండా టీ పోసుకున్నాడు. మడత కుర్చీ చంకన పెట్టుకున్నాడు. మెమోరియల్ హాల్లో పాత కామిక్స్ సంత పదింటికి తెరుస్తారు. తను ఏడింటికే వెళ్లి అందరికంటే ముందు కూర్చుంటాడు. తలుపు తీయగానే నేరుగా పాత పత్రికలమ్మే డాటీ స్టాలుకి నడిచి 'బ్లండర్‌బస్' వారపత్రిక ఎనభై నాలుగో సంచిక కొంటాడు. ఇంటికొచ్చి చదువుకుంటాడు. ఇందులో తేడా రావడానికి చోటేదీ అతనికి కనిపించలేదు.

ఆ సంచిక కోసం అతను యాభై నాలుగేళ్లుగా ఎదురు చూస్తున్నాడు. ఎనభై మూడో సంచికలో దుర్మార్గులు కెప్టెన్ గ్రిమ్‌వేడ్ చేతులు కట్టి, ఇనప ట్యాంకులో పడేసి, మూత బిగించి నీళ్లు వదిలారు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. మిగతాది వచ్చే వారం. ఎనభై అయిదో సంచికలో అదే కెప్టెన్ గ్రిమ్‌వేడ్ గాలిబుడగలో ఆకాశాన ఎగురుతూ బేకన్ శాండ్‌విచ్ తింటున్నాడు. చొక్కా కూడా తడవలేదు. నడుమ ఏం జరిగిందో ఎనభై నాలుగులో ఉంది. పదేళ్ల క్లిఫర్డ్‌కి ఆ వారం పత్రిక రాలేదు.

కొట్టువాళ్లు ప్రతి కాపీ మీదా పెన్సిలుతో ఇంటిపేరూ ఇంటినంబరూ రాసి గుమ్మంలో వేసేవారు. అడిగితే, వేశామన్నారు. వేస్తే ఏమైంది? పక్కింటి రెజ్ స్పింక్ కాజేశాడు. సాక్ష్యమేదీ లేదు. క్లిఫర్డ్‌కి సాక్ష్యంతో పనీ లేదు. ఆ రోజు నుంచి రెజ్‌తో మాట మానేశాడు. ఇద్దరూ అదే ఊళ్లో ముసలివాళ్లయ్యారు, అదే కామిక్స్ క్లబ్బులో సభ్యులయ్యారు, ఎదురుపడితే ఇద్దరూ సముద్రం వైపు చూసేవారు. 'బ్లండర్‌బస్' కొన్నవాళ్లు తక్కువ. కొన్నవాళ్లు కూడా చదివాక దాంట్లో చిప్స్ చుట్టుకున్నారు. అందుకే ఆ సంచిక ఇన్నేళ్లూ మళ్లీ ఎక్కడా కనబడలేదు. ఈసారి సంత ప్రకటనలో డాటీ స్టాలు కింద దాని పేరుంది.

అతని భార్య బెరిల్ ఆ పత్రికల కొట్టాయన కూతురే. పందొమ్మిదేళ్ల వయసులో ఆమె అతనికి 'గ్రిమ్‌వేడ్ దళం' ఇత్తడి బిళ్ల ఇచ్చింది. పత్రికలో కూపన్ కత్తిరించి పంపిన పిల్లలకి వచ్చే బిళ్ల అది. కూపన్లు కత్తిరించేవాళ్లని క్లిఫర్డ్ మనుషుల కింద లెక్కపెట్టడు. కానీ బిళ్ల చూడగానే పెళ్లాడాలని నిశ్చయించుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశాడు. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అతను రెజ్‌ని తిట్టేవాడు. బెరిల్ ఉడికిన బంగాళాదుంపలు వడ్డిస్తూ, "పోనీ క్లిఫ్, ఇంక వదిలెయ్. పిల్లలు తెలియక చేస్తారు," అనేది. ఆరేళ్ల కిందట, ఒక మాటైనా చెప్పకుండా, ఆమె తనకన్నా ముందు పోయింది. దానికీ అతను ఆమెని క్షమించలేదు. ఆమె సామాను పెట్టెల మూతలైనా తీయకుండా, పాతవి దానంగా తీసుకుని అమ్మే దానాల దుకాణంలో పడేసి వచ్చాడు. బిళ్ల మాత్రం ఉంచుకున్నాడు. అది ఈ రోజు అతని టోపీకి ఉంది.

ఏడింటికి ఇంకా వెలుగు రాలేదు. నవంబరు చినుకు పడుతోంది. సంత ఏటా హాలు పక్కనున్న ఆకుపచ్చ తలుపు నుంచే. క్లిఫర్డ్ ఆ తలుపు ముందు కుర్చీ వేసుకున్నాడు. తలుపుకి ఒక మేకు ఉంది, మేకుకి ఏదో కాగితం వేలాడుతోంది. చలికి పైన తొడుక్కున్న రెండో కోటు విప్పి ఆ మేకుకే తగిలించి కూర్చున్నాడు.

ఏడుంపావుకి కుక్కని తిప్పడానికి వచ్చిన మిసెస్ ప్లమ్‌రిడ్జ్ ఆగింది. మూసిన తలుపు ముందు ఒక మనిషి ఓపిగ్గా కూర్చున్నాడంటే ఊరికే కూర్చోడు. వెళ్లి అతని వెనక నిలబడింది.

"చాలాసేపయిందా?" అంది.

"ఇప్పుడే."

దేనికని ఆమె అడగలేదు. క్యూలో నిలబడి ఇది దేనికని అడగడం ఆ దేశంలో పక్కవాడి జీతం అడగడంతో సమానం. ఎనిమిదికి పన్నెండుమంది అయ్యారు. ఎనిమిదిన్నరకి నలభై. వెనకవాళ్లకి వెనకవాళ్లే కారణాలు చెప్పుకున్నారు.

"పాంటోమైమ్ నాటకం టిక్కెట్లు. ఈ ఏడు ఇద్దరు కలిసి కట్టే ఆవు వేషంలో ఒకరు మన పోస్టుమ్యానట."

"వెనక కాళ్లా, ముందు కాళ్లా?"

"ఆయన ఒళ్లు చూస్తే వెనక కాళ్లే."

"కాదమ్మా, టీవీలో గ్రహాంతరవాసి వేషం వేసిన ఆయన వస్తున్నాడట, సంతకాలు పెడతాడట."

"నేను జలుబు సూదికి వచ్చాను. ముందున్నవాళ్లకి పెట్టేస్తే నాకూ పెడతారుగా."

తొమ్మిదికి క్యూ మలుపు తిరిగి సముద్రపు గోడ దాకా పోయింది. అప్పుడు ఎవరో ఒకావిడ గొడుగు అడ్డం పెట్టుకుని మధ్యలో దూరిందని గొడవ మొదలైంది. గొడవంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆరుగురు గట్టిగా నిట్టూర్చారు. క్లిఫర్డ్ సహించలేకపోయాడు. చర్చి లాటరీ నడిపేది అతనే. గులాబీరంగు నంబరు చీటీల చుట్ట ఎప్పుడూ సంచీలో ఉంటుంది. లేచి మిసెస్ ప్లమ్‌రిడ్జ్‌కి ఒకటో నంబరుతో మొదలుపెట్టి వరసగా పంచుకుంటూ పోయాడు.

"చీటీ ఉన్నవాళ్లకే వరస. లేనివాళ్లు చివరికి. ఎంతటివాళ్లయినా సరే," అని ప్రకటించాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఆ క్షణం నుంచి అతను అధికారి అయిపోయాడు. మరుగుదొడ్డి ఎక్కడని కొందరు, కుక్కకి చీటీ కావాలా అని కొందరు అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాడు. అప్పటికి చివరిదైన నూట ఇరవై ఎనిమిదో చీటీ దగ్గర రెజ్ స్పింక్ నిలబడి ఉన్నాడు. బక్కగా, ముక్కుచివర నీటిబొట్టుతో. క్లిఫర్డ్ సముద్రం వైపు చూస్తూ చీటీ చేతిలో పెట్టాడు.

పది అయింది. తలుపు తెరుచుకోలేదు. పదింబావు. అక్కడ హాల్లో పదకొండుమంది వర్తకులు స్టాళ్లు పరుచుకుని, ఒక్క మనిషీ రాక, ఏమైందోనని బయటికొచ్చి చూశారు. కనుచూపు మేర క్యూ. తమ సంత కన్నా గొప్పదేదో జరుగుతోందనుకున్నారు. స్టాళ్లు అలాగే వదిలి, మర్యాదగా వెళ్లి చివర్లో నిలబడ్డారు. ముందు నుంచి చేతులు మారుతూ వాళ్లకీ చీటీలు వచ్చాయి. ఖాళీగా కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది. రెజ్ పెద్దమనిషి. వ్యాపారాలున్నవాళ్లని వెనక నిలబెట్టడం బాగుండదని, వాళ్లందర్నీ తనకన్నా ముందుకి పంపి చీటీలు మార్చుకున్నాడు. అందరి వెనకా తను నిలబడ్డాడు. అతని చేతిలో ఇప్పుడు నూట ముప్పై తొమ్మిది.

పదిన్నరకి హాలు కాపలాదారు తుడుపుకర్రతో మలుపు దగ్గరికొచ్చి క్యూని చూశాడు. నోరు తెరిచాడు. గట్టిగా అరిచాడు.

"తలుపు మీ వెనకాల ఉంది!"

ఇంకో దేశంలో అయితే అందరూ వెనక్కి తిరిగేవారు. కానీ ఆ ఊళ్లో పుట్టినవాళ్లు అయిదో ఏట నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ పాంటోమైమ్ నాటకం చూసినవాళ్లే. రంగం మీద దొంగ చాటుగా వస్తుంటే ప్రేక్షకులకీ నటుడికీ మధ్య అరుపుల పోటీ నడవాలి; ఒకరు 'వెనకాల ఉన్నాడు' అనాలి, ఇంకొకరు 'లేడు' అనాలి. ఆ మాట చెవిన పడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"లేదు, లేదు!" అంది నూట నలభైమంది క్యూ, ఒక్క గొంతుతో.

"ఉంది, ఉంది!" అన్నాడు కాపలాదారు, కోపంగా.

"లే...దు, లే...దు!"

"ఉంది మహాప్రభో, నిజంగానే ఉంది!"

చప్పట్లు, ఈలలు. ఎంత బాగా నటిస్తున్నాడో, ఆ తుడుపుకర్ర ఎంత సహజంగా ఉందో అనుకున్నారు. నవ్వులు విని చేపల బజారులో వాళ్లు కూడా పరుగున వచ్చి, చీటీ ఎక్కడిస్తారని అడిగారు. కాపలాదారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, క్లిఫర్డ్ ఎదురుగా మేకు మీది కోటు లాగి పారేశాడు.

కింద కాగితం: 'నేల మరమ్మతు వల్ల ఈసారి సంత ప్రవేశం వెనక ద్వారం నుంచి.'

అందరూ చదివారు. అందరూ క్లిఫర్డ్‌ని చూశారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎవరికైనా జరుగుతుందిలెండి," అంది మిసెస్ ప్లమ్‌రిడ్జ్. ఆ ఊళ్లో అంతకన్నా ఘోరమైన మాట లేదు.

చేపల బజారువాళ్లు తమ బజారుకి వెళ్లిపోయారు. క్యూ వెనక ద్వారానికి నడిచింది. ఇప్పుడు వరస ఎలాగని కాపలాదారు అడిగాడు.

"చీటీల ప్రకారం," అన్నాడు క్లిఫర్డ్, కాస్త ప్రాణం తెచ్చుకుని. "ఒకటో నంబరు ముందు."

"ఒకటి నాది," అంది మిసెస్ ప్లమ్‌రిడ్జ్. "మీదేదండీ?"

క్లిఫర్డ్ జేబులన్నీ వెతికాడు. తనే మొదటివాడని కళ్లున్న ప్రతివాడికీ తెలుసు కదాని, తనకి చీటీ తీసుకోలేదు.

"నేను మొదటివాణ్ణి. ఏడింటి నుంచి ఉన్నాను."

"ఉన్నారు. నేను చూశాను. కానీ చీటీ లేనివాళ్లు చివరికని మీరే అన్నారు. ఎంతటివాళ్లయినా సరే అని కూడా అన్నారు." ఆమె గొంతులో జాలి ఉంది. నియమం మాత్రం నియమమే.

క్లిఫర్డ్ కుర్చీ మడిచి చివరికి నడిచాడు. చివర రెజ్ స్పింక్ వీపు ఉంది.

లోపల ఇంకో వింత. వర్తకుల నంబర్లన్నీ నూట ఇరవై ఎనిమిది నుంచే మొదలు. ముందు వెళ్లిన నూట ఇరవై ఏడుగురూ మనిషి లేని స్టాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సొంతదారు లేకుండా ముట్టుకోవడం పద్ధతి కాదు. కాసేపు చూసి, టీ తాగి, చాలా బాగుందని చెప్పి వెళ్లిపోయారు. ఎనభై నాలుగో సంచికని ఎవరూ ముట్టుకోలేదు. డాటీ వెళ్లి స్టాలు వెనక కూర్చునేసరికి, ఆమె ముందు రెజ్, రెజ్ వెనక క్లిఫర్డ్.

"'బ్లండర్‌బస్' ఎనభై నాలుగు," అన్నాడు రెజ్.

క్లిఫర్డ్‌కి యాభై నాలుగేళ్ల మౌనం తెగింది. "నీ దగ్గర ఒకటి ఉండాలిగా! మా గుమ్మంలోది!"

రెజ్ తిరిగి చూశాడు. "నా దగ్గరుంటే ఈ వానలో వచ్చి అందరి వెనకా ఎందుకు నిలబడతానురా? అందుకా నువ్వు నాతో మాట్లాడనిది? నేనింకా మీ ముందుగది కిటికీ పగలగొట్టినందుకు అనుకున్నా."

"కిటికీ పగలగొట్టింది నువ్వా?"

డాటీ సంచికని ఇద్దరి మధ్యా పెట్టింది. "కొట్లాడుకోకండి నాయనా, ఒక్కటే ఉంది. దానాల దుకాణంలో కుట్టుపని నమూనాల పెట్టె కొంటే అడుగున దొరికింది."

పైన మూల పెన్సిలు రాత ఉంది. 'ఆక్రాయిడ్, 14.'

"నాదే! చూశావా, నాదే!" అని అరిచిన క్లిఫర్డ్ చప్పున ఆగిపోయాడు. ఆ నాలుగు అంకె తల విప్పుకుని, తోక కాస్త వంకరగా ఉంది. ఆ నాలుగుని అతను ముప్పై ఎనిమిదేళ్లు జామ్ సీసాల మీద, పాలవాడికి పెట్టే చీటీల మీద చూశాడు. కుట్టుపని పెట్టెని తన చేతులతో మోసుకెళ్లి ఇచ్చేసింది కూడా అతనే.

రెజ్ నెమ్మదిగా పేజీలు తిప్పాడు. కెప్టెన్ గ్రిమ్‌వేడ్ ట్యాంకులో ఉన్నాడు. నీళ్లు ముక్కుదాకా వచ్చాయి. ఆ తర్వాతి బొమ్మ ఉండాల్సిన చోట నలుచదరంగా ఒక కంత. కంత కింద కెప్టెన్ గాలిబుడగ ఎక్కుతూ, "ఇంత సులువని అనుకోలేదు!" అంటున్నాడు. కాగితం తిప్పి చూస్తే అటువైపు కంత చుట్టూ అక్షరాలు: 'గ్రిమ్‌వేడ్ దళంలో చేరండి! ఇత్తడి బిళ్ల కోసం కూపన్ ఇక్కడ కత్తిరించండి.'

రెజ్ క్లిఫర్డ్ టోపీ వంక చూశాడు. తర్వాత మర్యాద కోసం కప్పు వంక చూశాడు.

క్లిఫర్డ్ టోపీ తీసి బిళ్లని వేలితో తడిమాడు. పదేళ్ల పిల్ల బెరిల్ కొట్లో కూర్చుని, నంబరు రాసి, బిళ్ల మీద ఆశపడి, కత్తెర ఆడించి ఉంటుంది. కత్తిరించినది గుమ్మంలో ఎలా వేస్తుంది? పిల్లలు తెలియక చేస్తారు. వెయ్యికి పైగా ఆదివారాలు బంగాళాదుంపల మధ్య ఆమె ఆ మాట ఎవరి తరఫున అందో ఇప్పుడు తెలిసింది. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని డాటీ కంగారుపడింది. నవ్వుతున్నాడు.

"తీసుకోరా," అన్నాడు రెజ్. "నీ పేరే రాసుంది."

క్లిఫర్డ్ కొన్నాడు. ఇద్దరూ వెళ్లి సముద్రపు గోడ మీద కూర్చున్నారు. క్లిఫర్డ్ ఫ్లాస్కు మూతలో టీ పోసి మొదట రెజ్‌కిచ్చాడు. రెండో గుడ్డు కూడా ఇచ్చాడు. ట్యాంకులోంచి కెప్టెన్ ఎలా బయటపడి ఉంటాడా అని చీకటి పడేదాకా వాదించుకున్నారు. అడుగున చిల్లు ఉందని రెజ్, మూత బిగించినవాడే జాలిపడి తీశాడని క్లిఫర్డ్.

ఆ రోజుతో బెరిల్‌కి క్షమాపణ దొరికింది. కిటికీ సంగతి ఇంకా విచారణలో ఉంది.