పండ్లు కోసే ఆటకు పద్నాలుగు పేజీల ఫారం

వీడియో గేములు అనేవే లేకపోతే మన పెద్దమనుషుల్లో ఎంతమంది ఈపాటికి ఉద్యోగాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చునేవారో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. మీకు కృతజ్ఞత తక్కువ!

ఎక్కడో ఎవడో తుపాకి పేలుస్తాడు. మనుషులు పోతారు. మర్నాటికల్లా జనం మర్యాద లేని ప్రశ్నలు మొదలుపెడతారు. వాడికి తుపాకి ఎవరిచ్చారు? ఇచ్చేముందు ఎవరైనా ముందూ వెనకా చూశారా? పెద్దలు జవాబు దొరక్క నీళ్ళు నములుతున్న ఆ గడ్డు సమయంలో ఆదుకునేది ఎవరు? వీడియో గేము. పాపం, దానికి నోరు లేదు, వకీలు లేడు, ఎదురు కేసు పెట్టదు. ఎన్ని నిందలు వేసినా కిమ్మనకుండా మోస్తుంది. ఇంత ఓర్పున్న మనిషిని మీ చుట్టాల్లో ఒక్కరిని చూపించండి, నేను ఈ రాతలు మానేస్తాను.

నమ్మకం కుదరకపోతే ముద్రల మాస్టారి సంగతి వినండి.

ముద్రల మాస్టారు ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. తుపాకుల లైసెన్సులిచ్చే ఆఫీసులో, మూడో నంబరు కిటికీ వెనక, ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. కాగితం మీద రబ్బరు ముద్ర ఆయన కొట్టినంత సొగసుగా ఆ భవనంలో ఇంకెవరూ కొట్టలేరు కాబట్టి ఆ పేరు వచ్చింది. సిరా అలుక్కుపోదు, అక్షరం వంకర పోదు. కొత్తగా చేరినవాళ్ళను ఆయన పక్కన నిలబెట్టి చూపించేవారు.

లైసెన్సు ఫారంలో తొమ్మిదో గడి ఒకటుంది. అర్జీ పెట్టినవాడి గుణగణాల గురించి ఇరుగుపొరుగును, ఇంటివాళ్ళను స్వయంగా విచారించి రాయాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మాస్టారు నిజంగానే వెళ్ళేవారు. ఒక ఇంట్లో కుక్క తరిమింది. ఇంకో ఇంట్లో మూడో అంతస్తు ఎక్కాక అర్జీదారుడు ఇల్లు మారాడని తెలిసింది. రెండో ఏడాది ఆయనకు జ్ఞానోదయమైంది. 'విచారించడమైనది. అభ్యంతరం లేదు' అని ఒక రబ్బరు ముద్ర చేయించుకున్నారు. అంతే! మూడు వారాల పని మూడు సెకన్లలో తెమిలిపోయింది. పై ఆఫీసరు వచ్చి భుజం తట్టి, ఇలాంటి చురుకైన మనిషి సెక్షనుకు ఒకరుంటే దేశం ఎక్కడికో పోయేదన్నాడు.

ఎక్కడికి పోయేదో ఆయన చెప్పలేదు, మాస్టారు అడగలేదు.

సరే, ఒకనాడు కిటికీ దగ్గరకు ఒకావిడ వచ్చింది. చేతిలో ఉత్తరం. "మా అన్నయ్య తుపాకికి అర్జీ పెట్టాడండీ, దయచేసి ఇవ్వకండి" అంది. మాస్టారు తల ఎత్తలేదు. ఎదర గుట్టగా కాగితాలున్నాయి. ఉత్తరాలు తీసుకునే కిటికీ ఇది కాదన్నారు. ఆవిడ మళ్ళీ వారం వచ్చింది. ఆ పై వారం కూడా వచ్చింది. మూడోసారి ఉత్తరం కిటికీలోంచి లోపలికి తోసేసి వెళ్ళిపోయింది.

అది వెళ్ళి గుట్ట మీద పడింది. మాస్టారి చెయ్యి అప్పుడు మంచి ఊపులో ఉంది. ఒక కాగితం, ఒక ముద్ర. ఇంకో కాగితం, ఇంకో ముద్ర. 'మా అన్నయ్యకు ప్రెస్సులో ఉద్యోగం పోయింది, అందుకు మా ఆయనే కారణమని పగ పట్టాడు, చంపుతానని రెండుసార్లు అన్నాడు, ఎవరైనా వచ్చి మమ్మల్ని అడగండి, ఉన్నది ఉన్నట్టు చెబుతాం' అని రాసిన ఆ ఉత్తరం మీద కూడా ముద్ర అచ్చు గుద్దినట్టు పడింది, 'విచారించడమైనది. అభ్యంతరం లేదు.' ముద్ర పడ్డ కాగితం కనుక అది బుద్ధిగా అన్నయ్య ఫైలులోకి వెళ్ళింది. తుపాకి అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

నలభై రోజుల తరువాత ఒక మంగళవారం, ఉదయం పదకొండింటికి, అన్నయ్య తను ఇరవై ఏళ్ళు కాగితం కోసిన ప్రెస్సులోకి నడిచి వెళ్ళి చెల్లెలి మొగుణ్ణి కాల్చాడు. ఆయన అక్కడ ఫోర్‌మన్. అడ్డం వచ్చిన వ్యాను డ్రైవరునూ కాల్చాడు. ఇద్దరూ పోయారు.

ఆ వార్త విని ముద్రల మాస్టారు ఫైలు బయటికి లాగి చూశారు. ఉత్తరం చూశారు. ఉత్తరం మీద తన ముద్ర చూశారు. ఫైలు మళ్ళీ ఉన్నచోటే పెట్టేశారు. ఆ రోజు ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే భార్య, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉందన్నారు. ఆ ఫైలు ఎవరైనా తెరిస్తే చాలు, ఉద్యోగం, పరువు, పింఛను అన్నీ ఒక్కసారే పోతాయి. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అది తలచుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

ఇక్కడే, చదువరులారా, మన గేము రంగప్రవేశం చేసింది.

మూడో రోజు పై ఆఫీసరు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని, ఈ ఘోరానికి కారణం హింసాత్మక వీడియో గేములని ప్రకటించాడు. మాస్టారు టీవీ ముందు కూర్చుని ఆ మాట విన్నారు. రెండు రోజులుగా దిగని ముద్ద దిగింది. వీడియో గేము ఎలా ఉంటుందో కూడా తెలియని ఆ మనిషి దానికి మనసులో దణ్ణం పెట్టుకున్నారు. మీరైతే పెట్టుకోరా?

వెంటనే విచారణ కమిటీ వేశారు. చైర్మన్‌గా ఒక రిటైర్డ్ పెద్దాఫీసరు. సభ్యుడిగా తుపాకుల దుకాణాల సంఘం కార్యదర్శి, ఆయుధాల గురించి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది మరి! కమిటీకి మంచినీళ్ళు, టీలు, కాగితాలు అందించే పని మూడో నంబరు కిటికీకి అప్పగించారు. మాస్టారు ట్రే పట్టుకుని ఒక మూల నిలబడేవారు.

మొదట చిన్న చిక్కొచ్చి పడింది. హంతకుడికి యాభై నాలుగేళ్ళు. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా బటన్ ఫోన్ ఒకటి. అందులో గేము అన్నదే లేదు, టార్చి లైటు తప్ప. మీరూ నేనూ అయితే అక్కడితో చేతులెత్తేసేవాళ్ళం. కమిటీ మేధస్సు అలాంటిది కాదు. టార్చి వెలగాలంటే ఏం చేయాలి? మీట నొక్కాలి. నొక్కేముందు? ఎదుటివాడి వైపు గురి పెట్టాలి. గురి పెట్టడం, మీట నొక్కడం! హింసకు అక్షరాభ్యాసం ఆ ఫోనులోనే జరిగిందని రిపోర్టులో రెండున్నర పేజీలు రాశారు.

చైర్మన్‌గారు అక్కడితో ఊరుకోలేదు. శాస్త్రీయంగా ఉండాలని ఒక యుద్ధం గేము తెప్పించి, పరిశోధన నిమిత్తం తనే ఆడటం మొదలుపెట్టాడు. పదకొండు రోజులు ఆడాడు. నలభై మూడో లెవెల్ దాటాడు. వెయ్యీ ఆరువందల మంది శత్రువులను మట్టుపెట్టాడు. ఈ పదకొండు రోజుల్లో ఆయన బయటి ప్రపంచం మీద చేసిన హింస ఏమిటంటే, నలభై రెండో లెవెల్లో చచ్చిపోయినప్పుడు టీ కప్పు గట్టిగా బల్ల మీద పెట్టడం. గేము మనుషులను హంతకులుగా మారుస్తుందన్న తీర్మానానికి ఇది అడ్డు కాదా అని మీకు అనుమానం రావచ్చు. కమిటీకి రాలేదు. చైర్మన్‌గారిది దృఢమైన మనసు కనుక తట్టుకోగలిగారని రాసుకున్నారు.

ఆ తరువాత చెల్లెల్ని పిలిపించారు. ఆవిడ వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఈసారి మాస్టారు తల ఎత్తి చూశారు.

"మీ అన్నయ్య ఏ గేములు ఆడేవాడమ్మా?" అన్నాడు చైర్మన్.

"అన్నయ్యకు ఫోను ఎత్తడమే సరిగా రాదండీ. నేనొక ఉత్తరం ఇచ్చాను. దాన్ని ఎవరు చదివారో చెబుతారా?"

"ఉత్తరాల సంగతి తరువాత. మీ ఇంట్లో ఎవరి ఫోనులోనైనా గేములున్నాయా?"

"మా అమ్మాయి ఫోనులో ఒకటుందండి. పండ్లు కోసే ఆట."

కమిటీ నిటారుగా కూర్చుంది. "దేనితో కోస్తారు?" అన్నాడు తుపాకుల సంఘం కార్యదర్శి.

"వేలితోనండి."

"తెర మీద కనిపించేది?"

"కత్తి" అందావిడ.

అంతే, కేసు తేలిపోయింది! ఆవిడ ఇంకా ఏదో అడగబోతుంటే సమయం అయిపోయిందన్నారు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు సాయంత్రం మాస్టారిలో ఏదో తెగింది. మనిషి చెడ్డవాడు కాడు, సోమరివాడు. రెండింటికీ తేడా ఉందని నిన్నటిదాకా ఆయనా నమ్మేవారు. ఫైలు చంకన పెట్టుకుని చైర్మన్ గదికి వెళ్ళారు.

"అయ్యా, ఇది ఆ మనిషి లైసెన్సు ఫైలు. ఇందులో ఆవిడ ఇచ్చిన ఉత్తరం ఉంది. నేను చదవలేదు. దాని మీద ముద్ర నాదే."

చైర్మన్ నలభై నాలుగో లెవెల్లో ఉన్నాడు. తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "ఫైలులో గేముల ప్రస్తావన ఎక్కడైనా ఉందా?" అన్నాడు.

"లేదండీ."

"అయితే అది మా పరిధిలోకి రాదు. వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళండి."

మాస్టారు తలుపు వేసి వచ్చారు. దొరక్కూడదని భయపడ్డ మనిషి తనంతట తనే వచ్చి పట్టుకోండి మొర్రో అంటే పట్టుకునేవాడు లేడు. చూశారా గేము మహిమ? తప్పు ఒప్పుకున్నవాణ్ణి కూడా వదలకుండా కాపాడుతుంది!

నెల తిరక్కుండా సిఫార్సులు అమల్లోకి వచ్చాయి. ఫోనులో గానీ, కంప్యూటర్లో గానీ కత్తి, కర్ర, రాయి కనిపించే ఏ ఆట ఆడాలన్నా ఇక లైసెన్సు తప్పనిసరి. పద్నాలుగు పేజీల ఫారం. మానసిక వైద్యుడి సర్టిఫికెట్. తొంభై రోజులు ఆగాలి. ఇరుగుపొరుగును స్వయంగా విచారించాలి, రబ్బరు ముద్రలు చెల్లవు. చదరంగంలో గుర్రాలు, ఏనుగులు, బంట్లు చస్తాయి కదా అని ఎవరో అడిగితే, చైర్మన్‌గారు తను రోజూ ఆడతానని, అది మేధావుల ఆట అని సర్దిచెప్పాడు. ఆరో నంబరు కిటికీ కొత్తగా తెరిచి ముద్రల మాస్టారికి ప్రమోషన్ ఇచ్చి కూర్చోబెట్టారు. మూడో నంబరు కిటికీలో కొత్త గుమాస్తా చేరాడు. పాత రబ్బరు ముద్ర అతనికి ఒప్పజెప్పారు. తుపాకి మునుపటిలాగే మూడు రోజుల్లో వస్తోంది.

మాస్టారు ఈ కొత్త పనిని ప్రాణం పెట్టి చేశారు. ఎందుకని అడక్కండి, మీకూ తెలుసు. కుక్క తరిమినా ఆగలేదు. మూడు అంతస్తులు ఎక్కారు, దిగారు, మళ్ళీ ఎక్కారు. ప్రతి ప్రశ్నా అడిగారు, ప్రతి జవాబూ గుండ్రని అక్షరాలతో రాసుకున్నారు. ఎవరైనా విసుక్కుంటే, "అమ్మా, ఒకరి చేతికి ఆయుధం లాంటిది ఇచ్చేముందు అడగాలి కదా" అని నచ్చజెప్పేవారు.

ఒక గురువారం ఒక రిటైర్డ్ నర్సు అర్జీ ఆయన చేతికొచ్చింది. డెబ్భై ఏళ్ళావిడ. కీళ్ళ నొప్పులు. వేళ్ళు కదులుతూ ఉండాలని డాక్టరు చెబితే పండ్లు కోసే ఆటకు లైసెన్సు అడిగింది. మాస్టారు ఆ మేడ మెట్లెక్కి, నిబంధన ప్రకారం నర్సుగారి కింది వాటా తలుపు కొట్టారు.

తలుపు తీసింది చెల్లెలు.

ఈ చిరునామా ఆవిడ ఉత్తరం చివర రాసే ఉంది. మాస్టారు అక్కడిదాకా చదవలేకపోయారు. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోవాలనుకున్నారు గానీ ఆవిడ అప్పటికే కుర్చీ వేసింది. గదిలో ఒక మగవాళ్ళ చెప్పుల జత గోడ పక్కన అలాగే ఉంది. ఆయన ఫారం మోకాలి మీద పెట్టుకుని కలం తీశారు.

"పై వాటాలో ఉండే నర్సుగారి గురించి నాలుగు ప్రశ్నలమ్మా. ఆవిడకు కోపం ఎక్కువా?"

"లేదు."

"ఇంట్లో వాళ్ళను గానీ, చుట్టాలను గానీ ఎప్పుడైనా చంపుతానని బెదిరించారా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "లేదు."

"ఈ మధ్య ఉద్యోగం పోవడం లాంటి దెబ్బ ఏదైనా తగిలిందా? దానికి ఫలానా వాళ్ళు కారణమని ఎవరి మీదైనా పగ పెట్టుకున్నారా?"

"లేదు" అంది.

మాస్టారు నాలుగో ప్రశ్న చదివారు. "ఇది ఆవిడ చేతికిస్తే మీకు భయంగా ఉంటుందా?"

ఆవిడ కంట నీరు పెట్టలేదు, కేకలు వెయ్యలేదు. ఆ నాలుగు ప్రశ్నలూ గదిలో ఇంకా వినిపిస్తున్నట్టుగా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. తరువాత నెమ్మదిగా అంది.

"అయితే మీకు అడగడం వచ్చన్నమాట."

మాస్టారు తల దించుకుని ఫారం మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. ఆ జవాబు రాసుకోవడానికి పద్నాలుగు పేజీల్లో ఎక్కడా గడి లేదు.