కేరెట్‌లో కలిపిన పదార్థాలు

మనిషి తిండి వల్ల బతుకుతాడన్నది పాత నమ్మకం. తిన్నది నమోదు కావడం వల్ల బతుకుతాడని మా ఫ్యాక్టరీ పోషణ పర్యవేక్షణ విభాగం సాధికారికంగా తేల్చింది. ఆ విభాగంలో గుమాస్తాను కాబట్టి ఈ సత్యం నాకు అందరికంటే ముందే తెలిసింది. (ఉత్తర్వులు టైపు చేసేవాడికి లోకజ్ఞానం ఒక పూట ముందుగా అబ్బుతుంది.)

మా బావ, అంటే అక్క మొగుడు, అదే ఫ్యాక్టరీలో క్రేన్ డ్రైవరు. పంతొమ్మిదేళ్లుగా యాభై అడుగుల ఎత్తున కూర్చుని మా అందరినీ చీమల్లా చూస్తున్న మనిషి. ఆర్నెల్ల కిందటి వైద్య పరీక్షలో ఆయన రక్తంలో చక్కెర హద్దు దాటింది. మూడు నెలల్లో తగ్గకపోతే క్రేన్ దిగి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాలన్నారు. డాక్టరమ్మ మందుచీటీ వెనక్కి తిప్పి, "పొట్లంలో వచ్చేది మానెయ్యి. చెట్టుకు కాసిందీ, మట్టిలో పండిందీ తిను" అని రాసిచ్చింది.

బావ బుద్ధిగా మానేశాడు. చిక్కు అక్కడే వచ్చింది.

మళ్లీ పరీక్షకు వెళ్లాలంటే, ఈ మూడు నెలలూ తిన్నదంతా విభాగం వారి యాప్‌లో నమోదై ఉండాలి. నాలుగో నిబంధన ప్రకారం ఆహారమనగా బార్‌కోడు, గడువు తేదీ, కనీసం ఐదు పదార్థాల జాబితా కలిగినది. వాటిలో రెండైనా ఒక్క గుక్కలో పలకరానివైతే మరీ మంచిది. కేరెట్‌కు ఇవేవీ లేవు. ఇన్నాళ్లూ అది తిండిగా ఎలా చలామణీ అయిందో మా విభాగానికి అంతుపట్టలేదు.

"మీరు ఎనిమిది రోజులుగా నిరాహారంగా ఉన్నారు" అని బావకు తాఖీదు వెళ్లింది. ఆయన ఒక కేరెట్ పట్టుకుని వచ్చి మా ఆహార ధ్రువీకరణాధికారి ముందు నిలబడ్డాడు.

"ఇందులో ఏమేం కలిపారు?" అన్నారు అధికారి.

"కేరెట్టేనండీ."

"అది పేరు. పదార్థాలు చెప్పవయ్యా."

"ఈ కొస నుంచి ఆ కొస దాకా కేరెట్టేనండీ."

"గడువు తేదీ?"

"వాడిపోతే తెలుస్తుందండీ."

"నీకు తెలిస్తే సరిపోతుందా? యాప్‌కి తెలియొద్దూ?"

బావ నా వంక చూశాడు. నేను ఫైల్లో తల దూర్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆ సాయంత్రం అక్క నన్ను వంటగదిలోకి పిలిచి దులిపేసింది. "తోడబుట్టినవాడు ఆ ఆఫీసులోనే ఉండగా, మీ బావ స్టూలెక్కాలట్రా? ఏదో ఒకటి చెయ్యి!"

నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. చివరికి అక్కే చెత్తబుట్టలోంచి పాత క్రీమ్ బిస్కెట్ల కవరు తీసి, తుడిచి, అలమర తలుపుకి అంటించింది. ఆ రోజు నుంచి బావ ముందు కవరుని స్కాన్ చేసేవాడు, తర్వాత ఉడికించిన బీన్సూ కేరెట్ ముక్కలూ తినేవాడు. "శభాష్! సంపూర్ణ భోజనం" అని యాప్ ప్రతిపూటా మెచ్చుకునేది. (తొలి ఎనిమిది రోజుల నిరాహారాన్ని విభాగం పెద్దమనసుతో క్షమించింది.)

మూడు నెలలకు చక్కెర హద్దులోకి వచ్చింది. బావ క్రేనెక్కాడు. అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

అధికారి గారు మాత్రం ఊరికే సంతోషించే మనిషి కాదు. కారణం కావాలన్నారు. నమోదులు తెరిచి చూస్తే ఆ ఎనిమిది రోజులు పోగా పూటకో క్రీమ్ బిస్కెట్ల పొట్లం, ఒక్క పూటైనా తప్పలేదు.

"డేటా అబద్ధమాడదయ్యా!" అన్నారు.

చక్కెర హద్దు దాటిన మిగతా అరవై ఇద్దరికీ పూటకో పొట్లం తప్పనిసరి చేశారు. నోరు విప్పితే బావ క్రేన్ దిగాలి. నోరు మూసుకుని ఉత్తర్వు టైపు చేశాను.

నిన్న ఫలితాలొచ్చాయి. అరవై ఇద్దరికీ చక్కెర ఇంకా పెరిగింది. వాళ్లలో ఒక వెల్డరుకి కాలి పుండు మానడం లేదట. అధికారి గారు రెండు గంటలు ఆలోచించి మోసం కనిపెట్టారు: వీళ్లంతా ఉత్త కవర్లు స్కాన్ చేసి, చాటుగా కూరగాయలు తింటున్నారు.

రేపటి నుంచి గేటు దగ్గర సంచులు సోదా చేస్తారు. కేరెట్ దొరికితే సస్పెన్షన్. ఆ ఉత్తర్వూ నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా.