ప్రేమ పాటల పరిశీలక సంఘం

దైవాధీనం గారి పెద్దమ్మాయి రత్నకుమారి పెళ్లిలో ఏ ప్రేమ పాటలు వెయ్యాలో తేల్చడానికి 1958 వేసవిలో బందరులో ఒక సంఘం ఏర్పడింది. ప్రేమలో అనుభవం లేకపోవడమే సభ్యత్వానికి అర్హత గనుక ఎంపిక నిర్వివాదంగా జరిగిపోయింది. పెళ్లికూతురి తండ్రే అధ్యక్షులు. చర్చి ఉపదేశి దయానందం గారు, స్త్రీల సమాజానికి పెద్దయిన దేవమ్మ గారు సభ్యులు.

చిక్కంతా నాగాయలంక నుంచి వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి పున్నయ్య గారు, "మైకులో సినిమా పాటలు లేకపోతే మా ఊరివాళ్లు పెళ్లికి రారండీ. ప్రేమ పాటలైతే మరీ మంచిది" అని కబురు పెట్టారు. దైవాధీనం గారు సినిమాలను ప్రతి ఆదివారం చర్చిలో ఖండించే మనిషి. అయినా వియ్యంకుణ్ణి ఖండించే అధికారం ఆడపిల్ల తండ్రికి ఏ మతమూ ఇవ్వలేదు.

గ్రామఫోనూ, పెట్టెడు రికార్డులూ వసారాలోకి దిగాయి. లోపలిగదిలో తలుపు వారగా కూర్చుని రత్నకుమారి అన్నీ వింటూనే ఉంది. బడిలో పాఠాలు చెప్పే పిల్ల. పెళ్లికొడుకు సుందరరాజును ఫొటోలో తప్ప చూడలేదు. ఒక్కసారి అతనితో మాట్లాడాలని తల్లి చేత అడిగిస్తే, "పెళ్లికి ముందు మాటలేమిటి? మర్యాద కాదు" అని తండ్రి సెలవిచ్చి, తరువాతి రికార్డు వెయ్యమన్నారు. అందులో ఒక నాయిక ముక్కూ మొహం తెలియని రాకుమారుణ్ణి వెన్నెల్లోకి రమ్మని బతిమాలుతోంది.

"వెన్నెల కూడా దేవుడి సృష్టే కదండీ" అన్నారు దయానందం గారు. పాట నెగ్గింది.

తోటలో పాడుకున్న పాటను ఏదెను తోట ఖాతాలో రానిచ్చారు. విరహగీతం అశుభమేమోనన్న సందేహం వచ్చింది గానీ, ఎదురుచూపులున్నాయి గనుక అది ప్రభువు రెండో రాకడ గురించేనని తేలింది. నాయకుడు నాయిక కొంగు లాగే పాట దగ్గర మాత్రం చర్చ ముదిరింది. తప్పెక్కడుందో తెలియాలి గనుక దాన్ని మళ్లీ మళ్లీ వేయించారు. దేవమ్మ గారు కళ్లు మూసుకుని, కాలితో తాళం వేస్తూ, "మహా పాపిష్టి పాటండీ! ఏదీ, ఇంకోసారి వెయ్యండి" అన్నారు. ఇరుగుపొరుగువారు కూడా తమ నైతిక బాధ్యతను గుర్తించి గోడవారన చేరారు.

చివరికి తిరస్కరించిన పాట ఒక్కటే. ప్రేమించినవాణ్ణే చేసుకుంటానని తండ్రికి ఎదురుచెప్పే అమ్మాయిది. అది సంసారాలు కూలుస్తుందని ఏకగ్రీవంగా తీర్మానించారు.

పెళ్లిరోజున చర్చిలో ప్రమాణాలయ్యాక పందిట్లో విందు మొదలైంది. కొబ్బరిచెట్టుకు కట్టిన మైకు మిట్టమధ్యాహ్నం బందరు బందరంతటినీ వెన్నెల్లోకి రమ్మని పిలుస్తోంది. పున్నయ్య గారు పరవశించి తల ఊపుతున్నారు. ఆ హోరులో సుందరరాజు పెళ్లికూతురి వైపు వంగాడు.

"మీకీ పెళ్లి ఇష్టమేనా అండీ? ముందే అడుగుదామంటే మా నాన్న ఒప్పుకోలేదు."

రత్నకుమారి అతని మొహంలోకి చూసింది. ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాడు ఇతనొక్కడే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇష్టం లేదంటే ఇప్పుడేం చేస్తారండీ? ఉంగరం తొడిగేశారుగా!" అంది.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే రికార్డు అయిపోవడంతో ఆ నవ్వు పందిరంతా వినపడింది.

ముద్దలు నోటి దగ్గరే ఆగిపోయాయి. "పట్టపగలు! ఇంతమందిలో!" అన్నారు దేవమ్మ గారు. "వీళ్లకి ముందే పరిచయం ఉందేమిటండీ?" అని పున్నయ్య గారు మొహం మాడ్చుకున్నారు. ప్రేమ పెళ్లి అన్న అపవాదు రెండు వంశాల నెత్తినా పడబోతోంది. దైవాధీనం గారు చెమట తుడుచుకుంటూ కూతురి దగ్గరికి పరుగెత్తారు.

"ఏమన్నాడమ్మా అబ్బాయి?"

రత్నకుమారి తల వంచుకుంది. "పలావులో ఉప్పు తక్కువైందన్నారు, నాన్నగారూ."

"అవునండీ మావయ్య గారూ, బొత్తిగా లేదు" అన్నాడు సుందరరాజు రెప్ప వాల్చకుండా.

పందిరి ఊపిరి పీల్చుకుంది. ప్రేమ కాదు, ఉప్పు! అంతవరకూ లొట్టలేసుకుంటూ తిన్న పెద్దలందరికీ పలావు చప్పగా తోచింది. వంటవాణ్ణి పిలిపించి చీవాట్లు పెట్టారు. విస్తరి విస్తరికీ ఉప్పు వడ్డించారు. పున్నయ్య గారు సంతోషించి, తరువాతి ప్రేమ పాటను ఇంకాస్త గట్టిగా వెయ్యమన్నారు.

అది ఆ ఆలుమగలు కలిసి ఆడిన మొదటి అబద్ధం. పెద్దల ఆశీర్వాదంతో సాగవలసిన కాపురానికి అంతకన్న గట్టి పునాదిని మనం ఇంకా కనిపెట్టలేదు.