ఎడమ చెప్పు తూర్పుకి, కుడి చెప్పు పడమరకి

పెద్దాసుపత్రి ఊపిరితిత్తుల జ్వరాల వార్డులో ఎవరికి జబ్బు ముదురుతుందో వాళ్ల చెప్పులే ముందుగా చెప్పేస్తాయి. వరండాలో విడిచిన చెప్పులు తెల్లారేసరికి వాటంతటవే తిరుగుతాయి. తూర్పున గేటు వైపు తిరిగితే రోగి కోలుకుంటాడు. పడమరన మార్చురీ వైపు తిరిగితే కోలుకోడు. ఉదయం ఆరింటికి చెప్పుల గుమస్తా బంగార్రాజు దిక్కులన్నీ రిజిస్టర్లో రాసుకుంటాడు, తొమ్మిదింటికి డాక్టరు శారదాంబ సంతకం పెడుతుంది.

ఇదివరకు వేలికి తొడిగి ఆక్సిజన్ చూసే మిషన్లు కూడా ఉండేవి. చెప్పులొకటి, మిషనొకటి చెబితే తనిఖీలో ఇబ్బందని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆక్సిజన్ మంచాలు ఆరు. అవి తూర్పు వాళ్లకే ఇస్తారు. ఒకసారి ఓ నర్సు మనసు ఉండబట్టలేక పడమర ముసలాయనకి ఆక్సిజన్ పెట్టింది. ఆయన వారంలో లేచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. దాంతో నూటికి నూరు నిజమయ్యే ఆసుపత్రి జోస్యానికి మచ్చ పడింది. నర్సుకి మెమో ఇచ్చారు. ఎందుకు బతికారో తెలపమని ముసలాయనకీ నోటీసు పంపారు గానీ, ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు.

దాలమ్మకి ఇవేవీ తెలియవు. ఆమె మొగుడు గవిరయ్య తాపీమేస్త్రీ. నాలుగు రోజులు జ్వరం, దగ్గు. ఐదోనాడు మాట మధ్యలో ఊపిరి అందకపోతే ఆటోలో వేసుకొచ్చింది. రోగి చెప్పులు వరండాలో విడవమన్నారు. కిందటేడు కొండ మీద దేవుణ్ణి చూడబోయి కొత్త జత పోగొట్టుకున్న మనిషి కాబట్టి, గుడి దగ్గర అందరూ చేసే పనే ఇక్కడా చేసింది. ఎడమ చెప్పు ఈ చివర కుళాయి దగ్గర, కుడి చెప్పు ఆ చివర స్తంభం దగ్గర పెట్టింది. ఒంటి చెప్పుని ఏ దొంగా ముట్టుకోడు కదా.

తెల్లారేసరికి ఎడమది తూర్పుకి, కుడిది పడమరకి తిరిగాయి.

పద్దెనిమిదేళ్ల సర్వీసులో బంగార్రాజు ఇలాంటిది చూడలేదు. "ఏటమ్మా ఇది? జత ఇడదీస్తారేటి ఎవలైనా?" అన్నాడు.

"దొంగలట్టుకుపోతారని బాబూ. ఆయనకి ఉన్నదదే జత."

"ఇప్పుడు ఏ దిక్కని రాయాల?"

"తూరుపు రాసీ బాబూ. నీ కాళ్లకి దండవెడతాను."

బంగార్రాజు చెడ్డవాడు కాదు, కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు కూడా. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేశాడు. దాలమ్మ స్తంభం దగ్గరికి పోయి కుడి చెప్పుని చేత్తో తూర్పుకి తిప్పింది. అది కొట్టం తెలిసిన ఆవులా నెమ్మదిగా మళ్లీ పడమరకే తిరిగింది. "అందరూ తిప్పుతారమ్మా. మాట వినవు," అన్నాడు బంగార్రాజు.

శారదాంబ గవిరయ్య రొమ్ము మీద గొట్టం పెట్టి విని, "ఇతనికి ఇప్పుడే ఆక్సిజన్ పెట్టాలి," అంది. తర్వాత రిజిస్టరు చూసి, "దిక్కు తేలగానే పెడదాం," అంది. చెరో దిక్కూ తిరిగిన చెప్పుల విషయంలో ఏం చేయాలో తెలపమని జిల్లా ఆఫీసుకి రాసింది. రెండు ఆక్సిజన్ మంచాలు ఖాళీగానే ఉన్నాయి. వాటి మీద ఉతికిన దుప్పట్లు ఆరేశారు.

సాయంత్రానికి ఆఫీసు నుంచి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది. ఎందుకడుగుతున్నారో అందులో రాయలేదు.

"మీ ఆయన గడప దాటితే ముందు ఏ కాలు పెడతాడమ్మా?" అని అడిగింది శారదాంబ.

గవిరయ్యది ఎప్పుడూ ఎడమకాలే. కొత్తింటి పునాదిలోకైనా, పరంజా మీదకైనా, పెళ్లినాడు అత్తారింట్లోకైనా ఎడమకాలే. ఇరవై రెండేళ్లుగా దాలమ్మ తిడుతూనే ఉంది, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. పెద్ద డాక్టరమ్మ అడుగుతుంటే, మొగుడికి మంచీ మర్యాదా తెలియవని ఎలా చెబుతుంది? "కుడికాలే తల్లీ. శుభమా అని ఎడమకాలెందుకు ఎడతాడు?" అని, ఆ మాట రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది.

మూడోనాడు ఉత్తర్వు వచ్చింది. చెప్పులు చెరో దిక్కూ చూసినప్పుడు, రోగి ముందు పెట్టే కాలి చెప్పునే లెక్కలోకి తీసుకోవాలి.

దాలమ్మ శారదాంబ కాళ్ల మీద పడింది. "అబద్ధమాడీసాను తల్లీ! ఆయనది ఎడమకాలే. మా ఈదిలో ఎవల్నైనా అడగండి. ఆయన్నే అడగండి!"

గవిరయ్య మంచం మీద నుంచి ఏదో చెప్పబోయాడు. ఊపిరి చాలలేదు. దుప్పటి కింద ఎడమకాలు మాత్రం కొంచెం కదిలింది.

"వేలిముద్ర వేశావు కదమ్మా," అంది శారదాంబ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకుని గడిలో పడమర అని రాసింది.

మర్నాడు పొద్దున్న గవిరయ్య పోయాడు. రిజిస్టర్లో అతని పేరు పక్కన 'సరిపోయింది' అని రాశారు. స్తంభం దగ్గరా కుళాయి దగ్గరా ఉన్న చెప్పులు తెచ్చి, బంగార్రాజే దాలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని జత కలిపి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు, దగ్గు వచ్చింది. ఆగకుండా వచ్చింది.

"నీకూ పట్టుకుందమ్మా. సెప్పులిడిసి లోపలికెల్లు," అన్నాడు బంగార్రాజు జాలిగా.

దాలమ్మ తన చెప్పులు విడిచింది. ఈసారి విడదీయకుండా పక్కపక్కనే సర్దింది. బంగార్రాజు కొత్త ఫారం తీశాడు. అందులో ఇప్పుడు కాలికి కూడా ఒక గడి ఉంది.

"ముందు ఏ కాలెడతావమ్మా?"

దాలమ్మ గడప ముందు ఆగి, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడింది.

"మీరేది రాత్తే అదే బాబూ."