మిసెస్ ఆర్విడ్ స్కోగెన్ అంత్యక్రియలు

మంగళవారం పొద్దున వెర్లిన్ స్కోగెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి కౌంటీ కోర్టుకు వెళ్ళడం, మరణాల రికార్డుల్లో నాయనమ్మ పేరు పట్టుకోవడం, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్లిన్ ఏడాదిగా వంశవృక్షం తయారు చేస్తున్నాడు. అందులో పోయినవాళ్ళందరికీ తేదీలున్నాయి, ఒక్క నాయనమ్మ గున్‌హిల్డ్‌కి తప్ప.

తొంభై ఏళ్ళ అతని తల్లి ఆల్వీనాకు తేదీలతో పని లేదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు రొట్టె కాల్చడం మొదలు ఆవును పిండడం దాకా ఆమెకు నేర్పింది ఆ అత్తగారే. తర్వాత మొగుడు పోయాక ఆవిడ పక్క రాష్ట్రం డకోటాలో ఎవరింట్లోనో వంటపనికి వెళ్ళింది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసి, ఆపేసింది. చంకలో పిల్లలు, కొట్టంలో ఆవులు ఉన్న ఆల్వీనా వెళ్ళి చూడలేకపోయింది. ఆ బాధ ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

"తేదీ దొరికినా దొరక్కపోయినా ఫరవాలేదు. ఆవిడ పోయిన రోజు సమాధి దగ్గర ఎవరైనా నిలబడ్డారా లేదా, అది కనుక్కో నాయనా. నేను పోయేలోపల తెలిస్తే చాలు," అంది కొడుకుతో.

కోర్టులో గుమాస్తా కంప్యూటరంతా వెతికి, "ఆ పేరు మీద మా కౌంటీలో ఎవరూ చనిపోలేదండీ," అన్నాడు, అది తన తప్పే అయినట్టు. పాత పేపర్లలో మరణవార్తలు కూడా తిరగేశారు. ఆ రోజుల్లో పెళ్ళైన ఆడవాళ్ళకు సొంత పేర్లుండేవి కావు, మొగుడి పేరు ముందు మిసెస్ తగిలించేవారు. మిసెస్ ఆర్విడ్ స్కోగెన్ ఎక్కడా లేదు. ఇక మిగిలింది వారపత్రికలో ఒక ప్రకటన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వెర్లిన్ తాత పేరు ఆర్విడ్. తండ్రి పేరూ ఆర్విడే. అంటే ఇంట్లో కుర్చీలో కూర్చుని మేజోళ్ళు అల్లుతున్న ఆల్వీనా కూడా మిసెస్ ఆర్విడ్ స్కోగెనే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెను అమ్మా అని పిలిచిన వెర్లిన్‌కు ఆ ముక్క తట్టలేదు.

"మిసెస్ ఆర్విడ్ స్కోగెన్ మరణం గురించి వెయ్యాలి డ్వేన్," అన్నాడు ఎడిటర్ ముందు నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ.

డ్వేన్ మొహం వాడిపోయింది. "అయ్యో! ఎప్పుడు?"

"అదే ఇంకా తెలియలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఇంటికొచ్చి చెబితే బాగుంటుంది."

"వస్తారు వెర్లిన్, తప్పకుండా వస్తారు. ఏ పేజీలో వెయ్యమంటావు?"

"చావుల పేజీలోనే. అందరూ ముందు చదివేది అదే కదా."

ఆ కౌంటీ జనం మనసులో మాట సూటిగా అనరు. ఇల్లు తగలబడుతున్నా కాస్త వెచ్చగా ఉందంటారు. అమ్మ పోయిందని అనడానికి కొడుక్కి నోరు రాలేదనీ, తెలియనిది అంత్యక్రియల రోజనీ డ్వేన్ అర్థం చేసుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాణ్ణి ఇంకా అడగడం మర్యాద కాదని పాస్టరు గారికి ఫోన్ చేశాడు. పాస్టరు గారు కూడా మర్యాదస్తుడే. ఇంటికి ఫోన్ చేసి ఏడిపించడం ఎందుకని క్యాలెండరు చూసుకుని, శుక్రవారం పదకొండింటికి అన్నాడు. శవపేటిక సంగతి ఆ కుటుంబమే చూసుకుంటుందని ఊహించుకున్నాడు.

గురువారం పేపరు వచ్చింది, చావుల పేజీలో మిసెస్ ఆర్విడ్ స్కోగెన్ అంత్యక్రియల వార్తతో. మధ్యాహ్నానికి స్కోగెన్ల గుమ్మంలో గిన్నెలు వెలిశాయి. ఎవరూ తలుపు కొట్టలేదు, అలా పెట్టేసి పిల్లుల్లా వెళ్ళిపోయారు. చావింటికి పంపడానికి అక్కడ ఒకటే వంట, బంగాళాదుంపలూ మాంసమూ కలిపి ఓవెన్‌లో పెట్టిన హాట్‌డిష్.

"మనమీద ఇంత ప్రేమేమిటి రా వీళ్ళకి?" అంది ఆల్వీనా. కళ్ళు మసకబారి పేపరు చదవడం మానేసి చాలా కాలమైంది ఆవిడకి.

"నాయనమ్మ గురించి వేయించాను కదమ్మా, మంచివాళ్ళు," అన్నాడు వెర్లిన్. అతను పేపరు తెరవనే లేదు. తను రాయించింది మళ్ళీ చదవడమెందుకని.

పెట్రోలు బంకు దగ్గర పక్క పొలం మిల్టన్ అతని భుజం పట్టుకున్నాడు. "బాధపడకు వెర్లిన్. నిండు వయసు కదా."

"అవును మరి, ఉంటే ఈపాటికి నూట ఇరవై దాటేవి."

మిల్టన్ వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. "అన్నేళ్ళున్నట్టు కనిపించేది కాదు," అన్నాడు మర్యాదగా.

శుక్రవారం పొద్దున ఆల్వీనా కిటికీలోంచి చూస్తే రోడ్డవతల చర్చి ముందు కార్లే కార్లు. "చూశావా, ఎవరో పోయారు! నాకొక్క మాట చెప్పలేదు. నన్ను మనిషిగా లెక్కేయడం మానేశారు!" అంటూ నల్ల కోటు తొడుక్కుంది. ఉత్త చేతులతో వెళ్ళడం ఆమె వల్ల కాదు. నిన్న గుమ్మంలోకి వచ్చిన హాట్‌డిష్‌లలో పెద్దది చూసి చేతికందుకుంది. వెర్లిన్ వెనకాలే నడిచాడు.

చర్చి నేలమాళిగలో కాఫీ కాగుతోంది, బల్లల మీద మాంసం పెట్టిన బన్నులు గుట్టలుగా ఉన్నాయి. ఆల్వీనా మెట్లు దిగి లోపలికి రాగానే అందరి తలలూ అటు తిరిగాయి. అయినా ఒక్కరూ కేక పెట్టలేదు. వంటింటి పెత్తనం చూసే బెర్నీస్ తను పంపిన గిన్నెను తనే గుర్తుపట్టి అందుకుంది.

"కాఫీ తాగుతావా ఆల్వీనా?"

"తాగుతాను కానీ, ఎవరు పోయారే?"

బెర్నీస్ పాస్టరు గారి వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు. "అంటే... మా దగ్గరున్న సమాచారం ప్రకారం... మీరేనమ్మా."

వెర్లిన్ ఎవరి చేతిలోంచో పేపరు లాక్కుని చదివాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. "పోయింది మా నాయనమ్మ," అన్నాడు. "ఎప్పుడో పోయింది. ఎప్పుడో తెలియకే కదా ఇదంతా!"

అప్పుడు వెనక బల్ల దగ్గర నుంచి ఒక ముసలావిడ లేచింది. ఆ ఊరి మనిషి కాదు. "నాకు తెలుసు," అంది.

ఆమె పేరు లవాన్ లుండే. డకోటా నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చింది. గున్‌హిల్డ్ వంటపనికి వెళ్ళింది తల్లి లేని ఈ లవాన్ ఇంటికే. కొన్నాళ్ళకు ఇంటాయన పీడర్ లుండే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. అక్కణ్ణుంచి ఆవిడ మిసెస్ పీడర్ లుండే. ఆ పేరు మీదే బతికింది, ఆ పేరు మీదే పోయింది.

"ఆ వయసులో మళ్ళీ పెళ్ళి చేసుకున్నానని మీకు రాయడానికి అమ్మకు సిగ్గు వదినా," అంది లవాన్. "రొట్టె చేసినప్పుడల్లా మా ఆల్వీనా అయితేనా అంటూ మీ మాటే. నిన్న మా చుట్టాలు ఫోన్‌లో మీరు పోయారని చెప్పారు. అమ్మ తరఫున ఎవరో ఒకరు రావాలి కదా అని వచ్చాను."

ఆల్వీనా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఆవిడ పోయిన రోజు ఎవరెవరు వచ్చారు?"

లవాన్ ఆ చేతులు వదలకుండానే చెప్పింది. "మంచు తుఫాను వదినా. దారులన్నీ మూసుకుపోయాయి. నాన్నా, నేనూ, గొయ్యి తవ్వినవాడూ. పాస్టరు గారు కూడా రాలేకపోయారు. మీకు కబురు చేస్తానంటే వాళ్ళని శ్రమపెట్టొద్దని అమ్మే అంది."

ఆల్వీనా అందరి ముందూ ఏడ్చేసింది. ఆ ఊళ్ళో ఆమె అలా ఏడవడం ఎవరూ చూడలేదు. ఏడవడం అయ్యాక ముక్కు తుడుచుకుని చుట్టూ చూసింది. ఊరంతా నల్ల బట్టల్లో ఉంది. పువ్వులున్నాయి, పాటల పుస్తకాలున్నాయి, బన్నులున్నాయి.

"మీరంతా వచ్చింది మిసెస్ ఆర్విడ్ స్కోగెన్ కోసమే కదా?" అంది. "మా అత్తగారే ముందు ఆ పేరున్న మనిషి. పైకి నడవండి పాస్టరు గారూ, కాఫీ చల్లారిపోకముందే కానిద్దాం."

పాస్టరు గారు రాసుకొచ్చిన ప్రసంగం చదివాడు. మంచి అత్త, మంచి తల్లి, ఎవరికీ కష్టం కలిగించని మనిషి అని ఉన్నదేదీ మార్చాల్సిన అవసరం రాలేదు. ముందు వరసలో లవాన్ పక్కన కూర్చుని ఆల్వీనా ప్రతి పాటా గొంతెత్తి పాడింది. వెర్లిన్ మాత్రం టోపీలో మొహం దాచుకుని ఏడ్చాడు.

సాయంత్రం లవాన్‌ను కారెక్కించి వచ్చాక ఆల్వీనా కొడుకును పిలిచింది.

"నేను నిజంగా పోయినప్పుడు మాత్రం పేపర్లో వేయించకురా. పాపం వాళ్ళు ఒకసారి వచ్చి వెళ్ళారు, మళ్ళీ రమ్మంటే ఏం బాగుంటుంది?"